రెండు ఫిల్టర్లు

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇప్పుడు నీ పాత బండి నేనే నడుపుతున్నాను. ఈమధ్య అది దారిలో ఆగిపోతోంది. పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు పాత ఫిల్టరు పాడైందని మెకానిక్ చెప్పాడు. కొత్తది కొందామని వేంపల్లె వెళ్లాను. నీ అనుమానపు బుద్ధి నాకూ వచ్చినట్టుంది.

"ఇది ఇథనాల్‌ను తట్టుకుంటాదా?" అని షాపతన్ని అడిగాను.

"శానా మంది తీసుకపోతాండారు గదమ్మా!"

అడిగినదానికి అది జవాబు కాదు. అతను పొగిడిన ప్లాస్టిక్‌దీ, పక్కనే ఉన్న గాజుదీ రెండూ కొన్నాను. సీసాల్లో పెట్రోలు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఫిల్టరు వేసి, మూతలు బిగించి మిద్దె మీద పెట్టాను.

"ఊరగాయ పెడతాండావా ఏమి?" అని అమ్మ కసిరింది.

వారం తర్వాత చూస్తే ప్లాస్టిక్‌ది అతుకు దగ్గర మెత్తబడి ఊడివచ్చింది. గాజుది చెక్కుచెదరలేదు. దాన్నే బండికి బిగించాను.

ఈరోజు కమలాపురం దాకా వెళ్లొచ్చాను. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికి వచ్చేసరికి, చప్పుడు విని అమ్మ, నువ్వొచ్చేటప్పుడు తెరిచినట్టే గేటు బార్లా తెరిచి నిలబడి ఉంది. ఇంజను ఆపుదామని నేను తాళంచెవి మీద చెయ్యి వేశాను.

"రోంతసేపు ఆపాకు పాపా," అంది.

నీ చెల్లెలు