భయపడేవాళ్ళకే నేర్పబడును

నాన్నకు,
బుజ్జమ్మ నమస్కరించి రాస్తున్నది.

ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. కానీ నేను మొదటి మాట అనగానే మీరు “ముందు నే చెప్పేది విను” అంటారు. నేను వింటాను, సరే అంటాను, ఫోన్ పెట్టేస్తాను. నా మాట మాత్రం నా గొంతులోనే ఉండిపోతుంది. కాగితంలో అయితే మీరు అడ్డుపడలేరు కదా!

నాన్నా, నేను ఉద్యోగం మానేశాను.

ఇక్కడ ఆగి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, “ఏమే, విన్నావా నీ కూతురి నిర్వాకం!” అని అమ్మను కేకేస్తారని తెలుసు. కేకేయండి. అమ్మ వచ్చి పక్కన కూర్చున్నాక మిగతాది చదవండి.

డ్రైవింగ్ స్కూల్లో నేను చేస్తున్న పని మీకు తెలిసిందే. వీధివైపు అద్దాల గది, ఒక బల్ల, రెండు ఫోన్లు. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, టైము చెప్పడం, రుసుము తీసుకోవడం. ఎంతోమంది ఆడవాళ్ళు ఉత్సాహంగా వచ్చి చేరేవాళ్ళు. మొదటి రోజు కారు దిగి నా బల్ల దగ్గరికి వచ్చి, “కాసిన్ని మంచినీళ్ళు ఇస్తారా?” అని అడిగేవాళ్ళు. “నేర్పే సార్ మరీ అరుస్తున్నారండీ” అనేవాళ్ళు. మర్నాటి నుంచి కనపడేవాళ్ళు కాదు. వాళ్ళకి డ్రైవింగ్ రాక కాదు నాన్నా, ఆ కేకలకి కాళ్ళూ చేతులూ ఆడక. ఎవరూ లేనప్పుడు నేను బల్ల కింద మూడు పాత ఫైళ్ళు వరసగా పరిచి, “ఇది క్లచ్, ఇది బ్రేకు, ఇది ఆక్సిలరేటరు, చెప్పులు విప్పి తొక్కండి” అని వాళ్ళచేత తొక్కించేదాన్ని. నవ్వుకుంటూ తొక్కేవాళ్ళు. అలా తొక్కినవాళ్ళు మాత్రం మర్నాడు వచ్చేవాళ్ళు.

ఇలా కారు నేర్పాలన్నది నాకు ఎన్నాళ్ళుగానో కడుపులో ఉన్న కోరిక. నేర్పేవాళ్ళకిచ్చే లైసెన్సు పరీక్ష ఎవరికీ చెప్పకుండా రాశాను. పాసయ్యాను. ఆ కాగితం తీసుకెళ్ళి మా యజమాని ముందు పెట్టి, ఒక్క కారు నాకు అప్పగించండి అని అడిగాను. ఆయన కాగితం తిప్పి కూడా చూడలేదు. “ఫోన్‌లో నీ గొంతు బాగుంటుందమ్మా. కారులో ఆ గొంతు ఎవరు వింటారు?” అన్నారు.

ఆయనది చెడ్డ మనసేం కాదు. కానీ ఇంటికొస్తూ దారిపొడుగునా ఒకటే ఆలోచించాను. ఈయన ఒప్పుకునే రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నా జుట్టు నెరుస్తుంది తప్ప పని జరగదు. మీ అల్లుడుగారికి చెప్పాను. ఆయన ఎవరిదో కళ్ళజోడుకి మర బిగిస్తూ, తలెత్తకుండానే, “ఎప్పుడు మానేస్తావా అని నేనూ చూస్తున్నా” అన్నారు. అంతే.

చేతిలో ఉన్నదంతా పెట్టి చిన్న పాత కారు కొన్నాం. వంకాయ రంగు. మా అమ్మాయి దానికి వంకాయ అనే పేరు పెట్టేసింది, ఇక మార్చడం ఎవరి తరమూ కాదు. ఆయన కళ్ళజోళ్ళ షాపు పక్కనున్న ఇరుకు గది నా ఆఫీసు. తిట్టాలనుకుంటే తిట్టండి. ఉత్తరంలోనే తిట్టండి, దాచుకుంటాను.

మీ కూతురు,
బుజ్జమ్మ

* * *

నాన్నకు,
బుజ్జమ్మ నమస్కారాలు.

మీరు జవాబు రాయలేదు. అమ్మ మాత్రం ఫోన్ చేసి, “మీ నాన్న ఏమీ అనడంలేదే, అదే నాకు భయంగా ఉంది” అంది. అయినా రాస్తున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి మంచి సంగతులున్నాయి మరి.

మొదట్లో ఈగలు తోలుకున్నాను నాన్నా. ఉన్నమాట చెప్తున్నాను. పొద్దున్నే వంకాయని తుడిచి నిలబెట్టడం, సాయంత్రం దాని మీద పడిన దుమ్ము మళ్ళీ తుడవడం. మా పాత యజమాని ఆ దారిన పోతూ కారు అద్దం దించి, “నీ కుర్చీ ఖాళీగానే ఉందమ్మా” అనేవారు. ఆ కుర్చీలో నేను కూర్చున్న గుంట కూడా అలాగే ఉండుంటుంది. వెళ్ళి కూర్చోవడం ఎంతసేపు? ఒకరోజు బుద్ధి అటే లాగింది కూడా. అప్పుడే బోర్డు మార్చాలనిపించింది. పాత బోర్డు మీద అందరూ రాసేదే రాశాను, “ఇచ్చట కారు డ్రైవింగ్ నేర్పబడును” అని. దాన్ని దింపి, మీ అల్లుడుగారి చేత పెద్ద అక్షరాలతో కొత్తగా రాయించాను: “భయపడేవాళ్ళకే నేర్పబడును.”

“ఎవరైనా నేను భయస్తురాలినని ఒప్పుకుని లోపలికొస్తారా?” అన్నారాయన.

వచ్చారు. మొదట వచ్చింది పళ్ళ డాక్టరమ్మ. బోర్డు ముందు నిలబడి పగలబడి నవ్వి, లోపలికొచ్చి, “రోజంతా జనాన్ని భయపెట్టేదాన్ని నేను. స్టీరింగ్ పట్టుకుంటే నాకే వణుకు. ఎవరితో అనకండేం!” అంది. ప్రతి మలుపులోనూ ఊపిరి బిగబట్టేది. “ఊపిరి తీసుకోండి, కారుకి కావలసింది పెట్రోలు, మీకు కావలసింది గాలి” అని నేను అంటూనే ఉండేదాన్ని. ఒకరోజు మార్కెట్ మలుపులో లారీ ఎదురొచ్చింది. ఆవిడ ఆగింది, దారిచ్చింది, మళ్ళీ కదిలింది. తర్వాత నా వైపు తిరిగి, “ఊపిరి తీసుకున్నానండీ!” అని చిన్నపిల్లలా అరిచింది. ఇద్దరం కారు పక్కకి తీసి నవ్వుకున్నాం.

ఆవిడకి లైసెన్సు వచ్చాక, కుర్చీలో పడుకోబెట్టిన ప్రతి మనిషికీ నా గురించి చెప్పడం మొదలుపెట్టింది. నోరు తెరుచుకుని ఉన్నవాళ్ళు కాదనలేరుగా! దవడ పట్టుకుని తిన్నగా నా ఆఫీసుకే వచ్చినవాళ్ళున్నారు. నర్సులు వచ్చారు, టైలరమ్మ వచ్చింది, మగవాళ్ళు కూడా వచ్చారు. ఒక బ్యాంకు ఉద్యోగి అయితే బోర్డు కేసి చూసి గొంతు తగ్గించి, “భయపడే మగవాళ్ళకి కూడానా అండీ?” అని అడిగాడు. ఇప్పుడు వంకాయకి తీరికే లేదు. నెలయ్యేసరికి పాత జీతం కంటే ఎక్కువే మిగులుతోంది. రెండో కారు కూడా కొన్నాం నాన్నా! తెల్లగా ఉంటుంది. మా అమ్మాయి పేరు వెతుకుతోంది.

చిక్కల్లా ఒక్కటే. రెండో కారులో కూర్చుని నేర్పే మనిషి దొరకడం లేదు. వచ్చినవాళ్ళందరికీ డ్రైవింగ్ బ్రహ్మాండంగా వచ్చు. అరవకుండా ఉండటం ఒక్కరికీ రాదు.

ఇంత సంతోషంగా రాస్తున్నదాన్ని ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఆ తెల్లకారు ఇంటి ముందుకి వచ్చిన రోజు అందరూ నవ్వుతుంటే నేను గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఎందుకో మీకు చెప్పాలి. ఆదివారాలు మీరు బస్సు డ్యూటీ లేనప్పుడు, స్నేహితుడి కారు అడిగి తెచ్చి, ఖాళీ మైదానంలో అన్నయ్యకి నేర్పేవారు. నేను వెనక సీట్లో కూర్చునేదాన్ని. మీరు వాడి మీద కేకలేస్తుంటే, వాడు చేయాల్సినవన్నీ వెనక నా కాళ్ళు చేసేసేవి. ఒకరోజు ధైర్యం చేసి, “నాన్నా, మరి నాకో?” అన్నాను. “నిన్ను ఎక్కించుకుని తిప్పేవాడు వస్తాడులేవే” అన్నారు. మీరు నవ్వారు, అన్నయ్య నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇన్నేళ్ళూ నొప్పి పెడుతూనే ఉంది. పెళ్ళయ్యాక నా అంతట నేను నేర్చుకున్నాను. మీరు మా ఊరు వచ్చినప్పుడల్లా, నేను తాళాలు తీస్తే చాలు, మీకు నడకే ఆరోగ్యమని గుర్తొస్తుంది. మీ కొడుకేమో కారు కొని, దానికి ముసుగు వేసి, బస్సులో ఆఫీసుకు వెళ్తున్నాడు. వాడి కారు ఎక్కడానికి మీరు సిద్ధమే. నా కారు ఒక్కసారి కూడా ఎక్కలేదు.

మిమ్మల్ని నిలదీయాలని కాదు. మీరు ముప్పై ఏళ్ళు ఎంతమందినో క్షేమంగా ఇళ్ళకి చేర్చారు. ఆ పని మీద నాకు ఆశ పుట్టిందే మిమ్మల్ని చూసి. అది మీకు తెలియాలనిపించింది.

మీ
బుజ్జమ్మ

* * *

చిరంజీవి బుజ్జమ్మకు,
నాన్న ఆశీస్సులు.

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి నీకేం రాయాలో తోచలేదు. రెండోది మీ అమ్మకు చదివి వినిపించాను. ఆదివారం సంగతి వచ్చేసరికి, “అది నాకు ఆనాడే తెలుసు” అని లేచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. కాఫీ మాత్రం ఇస్తోంది, గ్లాసు గట్టిగా పెడుతోంది.

నువ్వు రాసినదానికి జవాబు రాయడం నాకు చేతకాదమ్మా. ఎన్ని కాగితాలు చింపానో మీ అమ్మనడుగు. నాకు తెలిసిన రాత ఒకటే, అర్జీ. అందుకని అదే రాస్తున్నాను.

అయ్యా, అంటే అమ్మా, మీ సంస్థలో డ్రైవింగ్ నేర్పువారి ఉద్యోగం ఖాళీ ఉన్నట్టు తెలిసింది. నేను రిటైరైన బస్సు డ్రైవరును. కళ్ళు బాగున్నాయి. మోకాళ్ళు ఫరవాలేదు. అరవకుండా ఉండటం రాదు. నేర్పిస్తే నేర్చుకోగలను. కనుక తమరు దయతో పరిశీలించగలరు. సోమవారం ఇంటర్వ్యూకి వస్తున్నాను.

ఇట్లు,
మీ నాన్న

* * *

అమ్మా,
బుజ్జమ్మ నమస్కారాలు.

నాన్నతో మాటలు కలిపావని విన్నాను, మంచిదైంది. ఇక్కడి సంగతులు ఆయన నీకు సగమే చెప్తారు, మిగతా సగం నేను చెప్తాను.

ఇంటర్వ్యూ నిజంగానే చేశాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, బయట బెంచీ మీద కూర్చున్నారు. మీ అల్లుడుగారు నలిగిపోతూ, “మావయ్యగారిని బయట కూర్చోబెడతావేంటి?” అన్నారు. “ఆయనే కూర్చున్నారు” అన్నాను. లోపలికి పిలిచి అడిగాను.

“కారు గోడ మీదకి పోతోందనుకోండి. ఏం చేస్తారు?”

“అరుస్తాను.”

“తప్పు.”

“మరి గోడకి గుద్దేయమంటావా!” అని అరిచారు. వెంటనే నాలుక్కరుచుకున్నారు. నేను నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగాను.

కొన్నాళ్ళు నా తరగతుల్లో వెనక సీట్లో కూర్చుని చూడమన్నాను. మారుమాట లేకుండా కూర్చున్నారమ్మా. నేను అద్దంలో చూస్తే, మా టైలరమ్మ గేరు మార్చినప్పుడల్లా ఆయన చెయ్యి గాల్లో కదిలేది. తర్వాత తెల్లకారు అప్పగించాను. మొదటి శిష్యురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌గారు. తొలిరోజే నాన్న, “బ్రేకు! బ్రేకు!” అని వీధి దద్దరిల్లేలా అరిచారట. ఆవిడ తాపీగా కారాపి, తాళం తీసి ఒళ్ళో పెట్టుకుని, “చేతులు కట్టుకుని కూర్చోండి. నేను చెప్పేవరకూ మాట్లాడకూడదు” అన్నారట. నాన్న చేతులు కట్టుకుని కూర్చున్నారట! ఆవిడే వచ్చి చెప్పారు. “మొండివాడు గానీ, మంచి విద్యార్థి” అని మార్కులు కూడా వేశారు.

అప్పటి నుంచి జేబులో పిప్పరమెంట్లు పెట్టుకుంటున్నారు. కోపం వస్తే ఒకటి నోట్లో వేసుకుంటారు. సాయంత్రానికి జేబు ఎంత తేలికైందో చూసి ఆ రోజు పాఠాలు ఎలా సాగాయో చెప్పేస్తున్నాం. ఇప్పుడు కొందరు “గేరు తాత ఉంటేనే వస్తాం” అంటున్నారు. నాకు కాస్త కుళ్ళుగానే ఉంది. అన్నయ్య సంగతి తెలుసా? ఫోన్ చేసి, “సెలవులకి వస్తే నాకూ నేర్పుతావా? నువ్వే నేర్పాలి, నాన్న వద్దు” అన్నాడు. బోర్డు ఫొటో పంపించాను.

నిన్న హెడ్‌మిస్ట్రెస్‌గారి పరీక్ష. పక్క ఊళ్ళో జరిగింది. పాసయ్యారు! నాన్నకి చెయ్యి కలిపి, “థాంక్స్ మాస్టారూ” అన్నారావిడ. బస్సు నడిపినన్నాళ్ళూ ఆయన్ని మాస్టారని ఎవరూ పిలవలేదనుకుంటాను. మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళజోడు చాలాసేపు తుడుచుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ అలిసిపోయి వెనక కూర్చున్నారు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. నాన్న బయట నిలబడి ఎడమవైపు చూశారు, కుడివైపు చూశారు. బస్టాండు ఎంత దూరమో అడుగుతారేమో అనుకున్నాను. తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నారు. నేర్పే కారు కదా, ఆ పక్కన కూడా ఒక బ్రేకు ఉంటుంది. కాసేపు ఆయన పాదం దాని మీదే ఉంది. నేను చూడనట్టే ఉన్నాను. ఊరు దాటాక పాదం పక్కకి తీశారు. ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. గేరు గురించో, వేగం గురించో. ఏమీ అనలేదు. కోపం వచ్చిందేమోనని ఓరగా చూశాను.

నిద్రపోతున్నారమ్మా.

ఎవరు నడిపినా, ఎంత దూరమైనా, ఆయన రెప్ప వాల్చరని నీకంటే ఎవరికి తెలుసు? మీ పెళ్ళిబస్సులో కూడా డ్రైవరు వెనకాలే నిలబడి వచ్చారని నువ్వే చెప్పేదానివి. ఆ మనిషి తల ఒక పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరిచి, చిన్నగా గురక పెడుతున్నారు. బుగ్గలో పిప్పరమెంటు ఉబ్బెత్తుగా కనపడుతోంది.

మా వీధి మలుపు వచ్చింది. వెనక నుంచి హెడ్‌మిస్ట్రెస్‌గారు ముందుకి వంగి, నా చెవిలో, “ఇంకో చుట్టు పోనిద్దామా?” అన్నారు.

మలుపు తిప్పలేదు. గతుకులు లేని రోడ్డు చూసుకుని, నెమ్మదిగా, తిన్నగా పోనిచ్చాను.

నీ
బుజ్జమ్మ