నవ్య జాకెట్టు

ఆదివారం, రాత్రి

నా పేరు ఎల్లమ్మ, వయసు డెబ్బై దాటింది. ఎల్బీనగర్‌లో కొడుకు, కోడలు సుజాత, ఇంటర్ చదివే మనవరాలు నవ్యతో ఉంటాను. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే సుజాత రాస్తోంది.

ఆడపిల్లలకు తమ ఒంటి మీద ఎంత అయిష్టం ఉందో కొలవడానికని ఈరోజు ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. బక్కమనిషి నుంచి లావుమనిషి దాకా వరుసగా గీసిన బొమ్మలు నవ్య ముందు పెట్టింది.

"ఇందుల నువ్వు ఏ బొమ్మ లెక్క ఉన్నవ్ చెల్లీ?"

పుల్లలా ఉండే నా మనవరాలు చివరనున్న లావు బొమ్మ మీద వేలు పెట్టింది. ఎలా ఉండాలనుందని అడిగితే మొదటి బక్క బొమ్మను చూపించింది.

"నీ కండ్లకేమన్న పొర కమ్మిందా ఏందే?" అన్నాను.

"నీకు తెల్వది నానమ్మా, జర ఊకో."

ఆ అమ్మాయి వెళ్ళాక అనుమానమొచ్చి, చుట్టాల పెళ్లికి వేసుకుందామని నవ్య దిల్‌సుఖ్‌నగర్‌లో కుట్టించుకున్న జాకెట్టు తిరగేసి చూశాను. ఎదిగే పిల్ల జాకెట్టుకు కుట్టు లోపల రెండువేళ్ల బట్ట ఎక్కువ ఉంచడం మా పద్ధతి. ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు. తన ఒంటికన్నా బిగుతుగా కుట్టించుకుని, ఆ బట్టంతా కత్తిరించేయించింది!

"గా జాకెట్టు నాకు పట్టేదాంక రాత్రిపూట తినను," అంది.

రోజూ ఆకలి లేదంటున్నది ఇందుకా! కోపం పోయి భయమేసింది.

"ఒంటికి జాకెట్టు కుడ్తరు గానీ, జాకెట్టుకు ఒళ్లు కుడ్తరా బిడ్డా?" అంటూ ముద్ద కలిపి పెట్టాను. కొంచెం తిని, ఇక వద్దని ఏడ్చింది. రేపు కొత్త బట్ట కొని దర్జీ దగ్గరికి నేనే తీసుకుపోతాను. వస్తుందో, రాదో…

ఇది నా వేలిముద్ర.

సాక్షులు: సుజాత. నవ్య (విన్నందుకే సంతకం, ఒప్పుకున్నందుకు కాదు).