చీపురు పట్టని నాలుగు రోజులు

సుశీల వాళ్ళ నాయనా,

మన సుశీల క్రిస్మస్ సెలవులకు అండమాన్ పోయింది. స్నేహితురాళ్ళతో తెరచాప పడవలో దీవులన్నీ తిరుగుతుందట. వద్దని ఏడ్చాను. "నాయనను దినామూ భూమి కిందికి పంపిస్తా ఉంటివి కదమ్మా. నేను నీళ్ళ మీదే కదా పోతా ఉండేది" అని నవ్వింది.

పోయిన మనిషి చేరినట్టు తెలిసేదాకా ఇల్లు ఊడవకూడదు కదా. సముద్రంలో ఫోను అందదట. నాలుగు రోజులు చీపురు పట్టలేదు. "ఏమక్కా, పండగ పూట ఇంట్లో ఇంత దుమ్మా?" అని పక్కింటామె అడిగింది. పాప చేరినాక ఊడుస్తాలే అన్నాను. నువ్వు గనిలోకి పోయి తిరిగిరాని రోజు, నీ వెనకే తొందరపడి ఊడ్చింది నేనే.

ఇందాక ఫోన్ వచ్చింది. "ఒడ్డుకు చేరినామమ్మా, ఇంగ ఊడ్చుకో" అంది.

ఇల్లంతా ఊడ్చాను. నువ్వు చెప్పులు విడిచే మూల మాత్రం ఎప్పటిలాగే వదిలేశాను.