నీలం బండే తీసుకుంటున్నాం

ఆదివారం

పొద్దున మాచర్లలో అమ్మకానికున్న పాత ఏటీవీలు, అదే, కొండల్లో తిరిగే నాలుగు చక్రాల బండ్లు, రెండూ నడిపి చూశాను. పోయినేడు బైకు మీంచి పడి ఎడమ మోకాలు విరిగాక, కొండదారిలో బండెక్కడం ఇదే మొదటిసారి.

ఎర్రది కొత్తదానిలా మెరుస్తోంది, ఇంజను కూడా పెద్దది. మా ఆయన దాని చుట్టూనే తిరిగాడు. నీలం బండి ఒళ్లంతా గీతలే. ఎర్రది రాళ్ల గట్టు ఒక్క ఊపున ఎక్కింది గానీ, దిగేటప్పుడు బ్రేకు నొక్కితే పక్కకి లాగేసింది. నీలంది నిదానంగా ఎక్కింది, నేను ఆపిన చోటల్లా ఆగుతూ దిగింది. దాని గేరు చేత్తో వేసేదే, ఎడమకాలికి పని లేదు. ఇప్పుడు మోకాలు కొంచెం సలుపుతోంది. మేం వెళ్లాలనుకుంటున్న బొల్లాపల్లి వైపు అడవిదారి మొత్తం తట్టుకుంటుందో లేదో... తట్టుకుంటుందిలే.

"ఏందే, ఆ డొక్కుదా నీకు నచ్చింది?" అన్నాడు మా ఆయన.

"గట్టు ఏ బండైనా ఎక్కుద్దండీ. నన్ను పడేయకుండా దింపేది కావాలి" అన్నాను.

ఆయన నీలం బండి వెనక సీటెక్కి, "సరే, గట్టెక్కించి నన్ను దించు చూద్దాం" అన్నాడు.

దించాను. కిందికొచ్చేదాకా ఆయన నా భుజం పట్టుకోనేలేదు.