అలమరలో సీసా

బావా,

చీపురుపల్లిలో ఏడున్నర బండి అందుకోవాలి, అందుకే నిన్ను లేపలేదు. వంటింటి అలమరలో పప్పు డబ్బా వెనక నీళ్లు పరీక్ష చేసే మందు సీసా పెట్టాను. అందులో పోసినవి మన నూతి నీళ్లే. దాన్ని కదపకు, మూత తియ్యకు. రేపూ ఎల్లుండీ పొద్దున్నే ఒకసారి చూడు. నీళ్లు నల్లబడితే క్రిములున్నట్టే, నాకు వెంటనే ఫోన్ చెయ్యి. అప్పటిదాకా పాపకి కాచి స్టీలు క్యానులో పోసిన నీళ్లే పట్టు.

అత్త కంట మాత్రం పడనివ్వకు. పోయినేడు పెట్టిన సీసాని శుభ్రంగా కడిగేసి ఇంగువ పోసుకుంది. అడిగితే, "మా నూతికేటి రోగమే? నలబై ఏళ్లుగా తాగతన్నాం, ఎవులికేటైనాది?" అంది. నువ్వు నవ్వావు. ఈ నెలలో పాపకి రెండుసార్లు విరేచనాలయ్యాయి. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"ఇరవై ఏళ్ల సర్వీసయ్యాక ఇంకా ఏటి సదువే?" అని నిన్న కూడా అన్నావు. హెల్త్ సూపర్‌వైజర్‌నయ్యుండి విజయనగరంలో మూడు రోజులు బెంచీ మీద కూర్చుని పాఠాలు వినడం నాకేమైనా సరదానా?

చారు పొయ్యి మీదే ఉంది. వేడి చేసుకో.

కన్యాకుమారి

ఇంకో మాట. పోయినేడు ట్రైనింగులో "మీ ఇంటి నీళ్లు పరీక్ష చేసుకున్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు. అందరితోపాటు నేనూ ఎత్తేశాను. అప్పటికే మన సీసాలో ఇంగువ ఉంది.