ఎడారి గులాబికి నీళ్లు పోయకు

గానిమ్ దొరా,

సముద్రం నుంచి రాగానే గుమ్మం పక్కనున్న ఎడారి గులాబికి నీళ్లు పోయకు. వల జాడించిన ఉప్పు నీళ్లయితే అసలే వద్దు. ఆకులు రాలితే అది చచ్చినట్టు కాదు, పూతకు వచ్చినట్టు. కుండలా ఉబ్బిన ఆ మొదలు నిండా అది దాచుకున్న నీళ్లే. పోయినేడు "పాపం, ఎండిపోతోందే" అంటూ చెంబులకు చెంబులు గుమ్మరించి, దీని అక్క మొక్కను కుళ్లబెట్టిన ఘనత తమరిదే కదా! మన దీవి నడుమ హజ్‌హర్ కొండల్లో, రాతి పగుళ్లలో పుట్టిన జాతి ఇది. ఎండా గాలీ ఉంటే చాలు దీనికి. మేకలు కూడా దీని జోలికి పోవు, నీ చెయ్యే ఊరుకోదు.

మొన్న నేను జ్వరంతో పడుకుని "కాసిని నీళ్లియ్యి" అంటే, "కుండ అక్కడే ఉందిగా, లేచి తాగు" అన్నావు. అడగనిదానికేమో చెంబులు, అడిగినదానికేమో కుండకు దారి! అందుకే కొండ మీద మా అమ్మ దగ్గరికి పోతున్నాను.

ఖర్జూరాలు గిన్నె కింద ఉన్నాయి. మేకను పితకడం మర్చిపోకు.

షమ్మా

ఇంకో మాట. నీళ్లు పోయకపోతే చెయ్యి దురద పెడుతుందా? అయితే ఆ చెంబు నింపుకుని కొండెక్కి రా. నాకింకా దాహంగానే ఉంది.