గురువారం సీసా

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ మీద కోపం మాత్రం పోలేదు.

నరసరావుపేట ఆసుపత్రిలో ప్రతి గురువారం చక్కెరజబ్బు వాళ్ళ మూత్రం పరీక్షించేవారు. నీలమొస్తే చక్కెర లేనట్టు, ఎరుపైతే ముదిరినట్టు. నువ్వు ముందురోజు పాయసం తాగి, సీసాలో అమ్మ మూత్రం పట్టుకెళ్ళేవాడివి. "ఈయన్ని చూసి నేర్చుకోండయ్యా" అని నర్సమ్మ మెచ్చుకునేది, నీ సూదిమందు తగ్గించేది. నువ్వు పొంగిపోయేవాడివి. నీ గుండె ఆగిపోయాకే అమ్మ నాకు నిజం చెప్పింది.

ఇప్పుడు అమ్మకూ అదే జబ్బు. ఈ పొద్దున ఖాళీ సీసా నా చేతిలో పెట్టింది.

"ఏమే, నీది పోసియ్యవే. ఎర్రగా వస్తే నలుగురిలో తలెత్తుకోలేను."

"ఇయ్యను."

"మీ నాన్నకి నేనియ్యలా?"

"ఇచ్చావు గనకే చచ్చాడు."

ఆ మాట అనాల్సింది నిన్ను. అమ్మ మీద పడింది.

ఆసుపత్రిలో అందరి ముందూ నర్సమ్మకి నీ బండారం బయటపెట్టాను. అమ్మ పరీక్ష ఇటుక రంగులో వచ్చింది, సూదిమందు మొదలుపెట్టారు. "చచ్చినోడి పరువు తీశావు గదే!" అని బస్సులో దారంతా ఏడ్చింది.

ఇంటికొచ్చాక కంచం నా ముందుకు జరిపి, "ఎంత తినాల్నో నువ్వే పెట్టు" అంది.

ఆ మాట నువ్వు ఒక్కసారైనా అన్నావా, నాన్నా?